ఆటలో అరటిపండు కాకుండా: వైకల్యం ఉన్న బిడ్డతో, తోబుట్టువులతో వేసవి సెలవులు గడపడం ఎలా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో మూతపడి జూన్ 12న తెరుచుకుంటాయి. ఈ 7 వారాలూ పిల్లలందరికీ పండుగే కానీ, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల మీద అదుపు లేకపోవడం) వంటి వైకల్యం ఉన్న బిడ్డకు మాత్రం రోజువారీ వ్యాయామం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం, బడి బల్ల, తెలిసిన ఆయమ్మ అన్నీ ఒక్కసారిగా మాయమైపోయే కాలం ఇది. మా పెద్దమ్మాయికి ఇప్పుడు 7 ఏళ్ళు; నడవలేదు, మాట్లాడలేదు, మింగడంలో ఇబ్బంది ఉంది, ఫిట్స్‌కు మందులు వాడుతుంది. మా చిన్నవాడికి 4 ఏళ్ళు నిండాయి; ఒక్క క్షణం ఒకచోట నిలవడు. గుంటూరు ఎండల్లో ఈ ఇద్దరితో గడిపిన వేసవుల్లో నేర్చుకున్నదంతా, ఇటువంటి ఇళ్ళకు ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన ఊళ్ళలో చిన్నపిల్లలను ఆటలోకి తీసుకున్నట్టే తీసుకుని, వాళ్ళ ఔటును లెక్కపెట్టకుండా వదిలేసే పద్ధతికి ‘ఆటలో అరటిపండు’ అని పేరుంది. వైకల్యం ఉన్న బిడ్డ వేసవి మొత్తం ఇంట్లో, పెళ్ళిళ్ళలో, అమ్మమ్మగారి ఊళ్ళో అరటిపండుగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అలా కాకుండా చూడాలంటే, మొదట ఆ బిడ్డ ఒంటిని వేడి నుంచి కాపాడుకోవాలి. ఆ తర్వాతే ఆటలో, పనిలో, ప్రయాణంలో నిజమైన వాటా ఇవ్వగలం. అందుకే ఒంటి సంగతితోనే మొదలుపెడుతున్నాను.

మందులు, ఎండ

మూడేళ్ళ క్రితం మే మొదటి వారంలో ఒక పెళ్ళికి వెళ్ళాము. మధ్యాహ్నం రెండు గంటలకల్లా అమ్మాయి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. జ్వరమనుకుని పారాసిటమాల్ సిరప్ పట్టించాను. గంట గడిచినా వేడి తగ్గలేదు. పక్కన కూర్చున్న పిల్లలంతా చెమటతో తడిసి ముద్దవుతుంటే మా అమ్మాయి నుదురు, మెడ పొడిగా, కాగితంలా ఉన్నాయని అప్పుడు గమనించాను. ఫిట్స్‌కు వాడే టోపిరామేట్ చెమట పట్టడాన్ని తగ్గించగలదని, అందువల్ల ఒంట్లోని వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుందని ఆ సాయంత్రం వైద్యుడు చెప్పే వరకు మాకు తెలియదు. ఆ విషయం మాకు ఎవరైనా మార్చిలోనే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లోనే, అంటే మార్చి నెలలోనే, మందుల చీటీ తీసుకుని బిడ్డ వైద్యుడి దగ్గరికి వెళ్ళి ‘వీటిలో చెమటను తగ్గించేవి ఏవి?’ అని నేరుగా అడగండి. ఫిట్స్‌కు ఇచ్చే టోపిరామేట్, జోనిసమైడ్, చొంగ తగ్గడానికి ఇచ్చే గ్లైకోపైరోలేట్, కండరాల బిగుతుకు కొందరికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఆ కోవలోకి వస్తాయి. ఈ సంగతి తెలిసిందని మందు మానేయకూడదు. ఫిట్స్ మందులను గానీ, కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్‌ను గానీ ఉన్నట్టుండి ఆపితే ఎండ కంటే పెద్ద ప్రమాదం ముంచుకొస్తుంది. ఊరు వెళ్ళేటప్పుడు అవసరమైన దానికంటే రెండు వారాల మందు అదనంగా దగ్గర ఉంచుకోవడం, సీసాలను ఎండలో నిలిపిన కారులో వదలకుండా చేతిసంచిలోనే పెట్టుకోవడం మా ఇంట్లో నియమం.

ఎండలో నిలిపిన కారు లోపల 10 నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకోవడం కష్టమని, ‘ఒక్క నిమిషంలో వచ్చేస్తాం కదా’ అని కారులో ఉంచి వెళ్ళడం ఏ పిల్లల విషయంలోనూ చేయకూడని పని. బెల్టు విప్పుకోలేని, కేక వేయలేని బిడ్డ విషయంలో అసలే చేయకూడదు.

వడదెబ్బ లక్షణాలు మాట్లాడలేని బిడ్డలో వేరుగా కనిపిస్తాయి. తలనొప్పి, కళ్ళు తిరగడం అని చెప్పలేదు కాబట్టి మామూలు కంటే ఎక్కువ మగతగా ఉండటం, పిలిస్తే చూపు తిప్పకపోవడం, కాళ్ళూ చేతులూ మరింత బిగుసుకోవడం లేదా వాలిపోవడం, వాంతులు, ఒళ్ళు కాలిపోతూ ఉండటం వంటివి మనమే పసిగట్టాలి. వెంటనే నీడకు తీసుకువెళ్ళి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి విసరాలి. మగతలో ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు. తడుపుతూనే 108కి ఫోన్ చేయాలి. ఎండ వల్ల ఎక్కిన వేడిని పారాసిటమాల్ దించలేదు. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా అదే నంబరుకు చేయాలి. వైద్యుడు అత్యవసరానికి ముక్కులో కొట్టే మందు రాసి ఉంటే అది ఎక్కడ ఉందో ఇంట్లో పెద్దలందరికీ తెలిసి ఉండాలి.

నీళ్ళు: ఎన్ని, ఎలా?

పిల్లలకు ఎంత ద్రవం అవసరమో వైద్యులు ఒక సులువైన లెక్క వేస్తారు: బరువులో మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తర్వాతి 10 కిలోలకు కిలోకు 50 మిల్లీలీటర్లు. 15 కిలోల బిడ్డకు ఈ లెక్కన మామూలు రోజుల్లోనే లీటరుంపావు ద్రవం కావాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. మూత్రపిండాల జబ్బో గుండెజబ్బో ఉంటే మాత్రం వైద్యుడు చెప్పిన కొలతే పాటించాలి. చొంగ కార్చే బిడ్డ ఆ రూపంలోనూ కొంత నీరు పోగొట్టుకుంటుంది. దాహమని అడగలేని బిడ్డకు ‘కావాలంటే ఇద్దాం’ అనే పద్ధతి పనికిరాదు. నేను పొద్దున్నే ఒక లీటరుంపావు సీసాను ఆమె పేరిట నింపి పెట్టి, జావ, మజ్జిగ, నీళ్ళు ఏది తాగించినా అంత కొలత సీసాలోంచి తీసి మొక్కలకు పోస్తాను. సాయంత్రం ఆరు గంటలకు సీసాలో ఇంకెంత మిగిలిందో చూస్తే ఆ రోజు సంగతి తెలిసిపోతుంది. డైపర్ ఆరేడు గంటలు పొడిగా ఉన్నా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా నీరు చాలలేదని అర్థం.

మింగడంలో ఇబ్బంది ఉన్న బిడ్డకు అన్నింటికంటే కష్టమైనది పలుచని నీరే. గొంతులో నిలవకుండా వేగంగా జారి ఊపిరితిత్తుల దారి పడుతుంది. చిక్కటి రాగిజావ, గిలకొట్టిన పెరుగు, టెంక తీసి వడకట్టిన మామిడి గుజ్జు వంటివి నెమ్మదిగా జారతాయి కాబట్టి చాలామందికి సులువు. సబ్జా గింజలు నానబెట్టిన నీళ్ళు మనకు చలువే కానీ, పలుచని నీరూ జారే గింజా కలిసి ఉండటం వల్ల ఈ పిల్లలకు అవి తగవు. తాటిముంజలను ముక్కలుగా పెట్టకూడదు. పైతొక్క తీసి మెత్తగా మెదిపి చెంచా చివర పెట్టాలి. మీ బిడ్డకు ఎంత చిక్కదనం సరిపోతుందో మింగడాన్ని పరీక్షించే థెరపిస్టు ఒకసారి చూసి చెప్పడం తప్పనిసరి.

తాగించే తీరు కూడా ముఖ్యమే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోయడానికి అలవాటు పడ్డారు. ప్రేమతో చేసే పనే అయినా, మింగలేని బిడ్డకు అది చాలా ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి తాగించాలి. మెత్తని ప్లాస్టిక్ గ్లాసు అంచును ముక్కు తగిలేచోట అర్ధచంద్రాకారంలో కత్తిరించి, ఆ అంచును గరుకు లేకుండా నూరుకుంటే, గ్లాసు ఎంత వంచినా బిడ్డ తల వెనక్కి వాల్చవలసిన అవసరం ఉండదు. తాగుతూ దగ్గినా, కళ్ళలో నీళ్ళు తిరిగినా, తాగిన తర్వాత గొంతు గురగురలాడినా ఆపేసి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టాలి.

విరేచనాలో వాంతులో అయితే పెద్ద ఓఆర్‌ఎస్ పొట్లాన్ని మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుడు నీళ్ళలో కొంచెం పొడి వేసి ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు.

ఇల్లు, కుర్చీ, చర్మం

వట్టివేళ్ళ తడికలైనా, ఎయిర్ కూలరైనా నీరు ఆవిరయ్యేటప్పుడు వచ్చే చల్లదనంతోనే పనిచేస్తాయి. అందువల్ల పొడి ఎండలుండే రాయలసీమలో, తెలంగాణలో బాగా చల్లబరిచే కూలర్ కోస్తా ఉక్కపోతలో గదిని తేమతో నింపుతుంది. ఎదురు కిటికీ తెరిచి ఉంచితేనే కొంత మేలు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒక్కటే వేడి గాలిని ఒంటికి కొడుతుంది. పల్చని నూలు గుడ్డను తడిపి పిండి, మెడ, చంకలు, తొడల మీద తుడుస్తూ ఫ్యాను వేస్తే ఒళ్ళు చల్లబడుతుంది. చెమట పట్టని బిడ్డకు ఆ తడిగుడ్డే చెమట.

రెక్సిన్ కుర్చీలో బెల్టులతో కూర్చున్న బిడ్డ వీపుకు గాలి తగలదు. పాత నేత పంచెను నాలుగు మడతలు వేసి వీపు వెనుక, తొడల కింద పరిచి, తడవగానే మార్చాలి. గంటకోసారి కుర్చీలోంచి దించి చాప మీద పక్కకు పడుకోబెట్టాలి. ఎండలో నిలిపిన కుర్చీ ఇనుప గొట్టాలు, బెల్టు బకిల్స్ ముందు మన చేత్తో తాకి చూశాకే బిడ్డను కూర్చోబెట్టాలి. పాదం, చీలమండ వంకర పోకుండా కాళ్ళకు వేసే ప్లాస్టిక్ ఆధారాల (ఏఎఫ్‌ఓల) లోపల మోకాలి వరకు వచ్చే పలుచని నూలు మేజోళ్ళు ముడతలు లేకుండా వేయాలి. తీసిన తర్వాత 20 నిమిషాలకు కూడా ఎర్రటి మచ్చ పోకపోతే అక్కడ ఒత్తుకుంటోందని గుర్తించి, తయారుచేసినవాళ్ళకు చూపించాలి. మేము ఫిజియోథెరపిస్టును అడిగి, వాటిని ఉదయం ఆరు నుంచి పది వరకు, మళ్ళీ సాయంత్రం వేస్తున్నాము. వ్యాయామం కూడా తెల్లవారుజామునే, గోరువెచ్చని నీళ్ళ స్నానం తర్వాత చేయిస్తే కండరాలు వదులై ఏడుపు తగ్గుతుంది. గంగాళంలో నీళ్ళాట ఇద్దరికీ ఇష్టమే. అయితే జానెడు నీళ్ళున్నా పెద్దవాళ్ళ చెయ్యి బిడ్డ మీద ఉండాలి, ఫోన్ మోగినా సరే.

ఆటలో వాటా

ఎండెక్కిన తర్వాత, పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఇంట్లోనే ఉండాలి. ఈ వేళల్లోనే పిల్లలకు విసుగు, పెద్దలకు కోపం. మా తెనాలి దగ్గరి అమ్మమ్మగారి ఊళ్ళో పిల్లలంతా చేరి అష్టాచెమ్మా ఆడుతుంటే, మా పెద్దమ్మ, ‘దానికెందుకమ్మా శ్రమ, పక్కన కూర్చోబెట్టు, చూస్తూ ఉంటుందిగా’ అన్నది. ఆమె మనసులో చెడు లేదు. అయినా చూస్తూ కూర్చోవడం ఆట కాదు.

అమ్మాయి వేళ్ళు గవ్వలను పట్టుకోలేవు, కానీ కుడి మోచెయ్యిని పక్కకు తోయగలదు. మూత బిగుతుగా ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు గవ్వలు వేసి, ఆమె మోచేతి పక్కన పీట మీద పెట్టాము. డబ్బాను తోస్తే దొర్లి చాప మీద పడుతుంది, గవ్వలు గలగలమంటాయి, అడుగున గవ్వలు నిలిచిన తీరే ఆమె పందెం. మొదట్లో మోచెయ్యి కదలడానికి అర నిమిషం పట్టేది. పిల్లలు ఆత్రపడి తామే తోయబోతే ఆపి, ‘ఇది అక్క పందెం, అక్కే వేయాలి’ అని చెప్పవలసి వచ్చింది. రెండో రోజుకు ఆ అర నిమిషం పాటు ఊపిరి బిగబట్టి చూడటమే వాళ్ళకు ఆటలో భాగమైపోయింది. ఏ కాయ జరపాలో రెండు కాయలు చూపించి అడిగితే కళ్ళతో చెబుతుంది. అష్టా పడితే ఆమెకూ మళ్ళీ పందెం ఉంటుంది, కాయ చస్తే ఆమెదీ వెనక్కి వెళ్ళాల్సిందే. మా చిన్నవాడు ఒకసారి జాలిపడి అక్క కాయను చంపకుండా వదిలేస్తే, నేనే చంపమన్నాను. అమ్మాయి పెదవి విరిచి ఏడ్చింది. అంతకుముందు ఏ ఆటలోనూ ఓడిపోయి ఏడ్చింది లేదు, ఎందుకంటే ఏ ఆటలోనూ ఆమె ఉన్నది లేదు.

ఏ ఆటనైనా ఇలాగే మలుచుకోవచ్చు: బిడ్డ చేయగల ఒక్క కదలికను వెతికి, ఆట ఫలితం ఆ కదలిక మీద ఆధారపడేలా చేయాలి. చూపు సరిగా లేని బిడ్డకు వామనగుంటల పలకలో గుంటల అంచులకు దారం అతికిస్తే వేలితో తడిమి లెక్కపెడుతుంది; చప్పుడు భరించలేని ఆటిజం ఉన్న బిడ్డకు అయిదారుగురు కాకుండా ఒక్కరే తోడు ఉండే ఆట, ముందుగానే ‘మూడు ఆటలు, తర్వాత ఆపేద్దాం’ అని చెప్పి మొదలుపెట్టడం నయం.

ఇంటి పనిలోనూ వాటా ఉండాలి. ఆవకాయ పెట్టే రోజున కారం ఘాటు అమ్మాయికి పడదు కాబట్టి దూరంగా ఉంచుతాము. కానీ ముందురోజు మామిడికాయలు కడిగి తుడిచే పని ఆమెది. ఒళ్ళో తువ్వాలు పరిచి కాయ పెడితే రెండు మణికట్లతోనూ దొర్లిస్తుంది, తడి ఆరుతుంది. తడి ఉంటే ఆవకాయ బూజు పడుతుంది కాబట్టి ఇది ఊరికే కల్పించిన పని కాదు.

మాట రాని బిడ్డకు రోజు తీరు ముందే తెలియడం చాలా అవసరం. ఫోన్‌తో తీసిన ఫోటోలు ప్రింటు వేయించి, స్నానం, జావ, వ్యాయామం, ఆట, నిద్ర అనే వరుసలో గోడకు అంటించి, అయిపోయిన పని ఫోటోను బిడ్డ చూస్తుండగా తీసేయండి. ఎంపికలు కూడా రెండు ఫోటోలతోనే ఇవ్వాలి: మజ్జిగా, మామిడి రసమా? చూపు ఎక్కడ నిలిస్తే అదే జవాబు. తొందరపడకుండా మనసులో పది లెక్కపెట్టి ఆగాలి.

చిన్నవాడి వాటా

‘అక్కను చూసుకో నాన్నా’ అని నాలుగేళ్ళవాడికి రోజుకు పదిసార్లు చెబితే, వాడి వేసవి పోతుంది. నేను రోజూ సాయంత్రం అరగంట వాడితో మాత్రమే ఉంటాను. ఆ అరగంట అమ్మాయి దగ్గర వాళ్ళ నాన్న ఉంటారు. వీధిలో సైకిలు తొక్కడమో, తూనీగల వెంట పరుగెత్తడమో, ఏదైనా వాడి ఇష్టమే. అక్క నడవలేని చోటికి వెళ్ళినందుకు వాడిలో గానీ మనలో గానీ తప్పు చేసిన భావం ఉండకూడదు. ‘అక్కకు నడక ఎప్పుడు వస్తుంది?’ అని అడిగితే, ‘రాకపోవచ్చు నాన్నా, కుర్చీలో తిరుగుతుంది, మనం తోద్దాం’ అని నిజమే చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, కుర్చీకి బెల్లు కావాలన్నాడు. పెట్టించాము.

ఊరి ప్రయాణం

అమ్మమ్మగారింటికి వెళ్ళే ముందు ఫోన్‌లో అడిగి తెలుసుకోవలసినవి రెండే: మరుగుదొడ్డి ఎలాంటిది, గడప ఎంత ఎత్తు. నేల మీద కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీని వెంట తీసుకువెళ్ళాలి. గడపకు, అరుగు మెట్లకు ఒక గట్టి చెక్క చాలు. రైలులో, తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకు, మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు, వారి వెంట వచ్చే ఒకరికి స్లీపర్‌లోనూ, మామూలు రైళ్ళ థర్డ్ ఏసీలోనూ 75 శాతం రాయితీ ఉంటుంది. అందుకు కావలసిన ధ్రువపత్రాన్నో, రైల్వే వారు ఇచ్చే గుర్తింపు కార్డునో ముందుగా తీసుకోవాలి, టికెట్టు కొనే రోజున అడిగితే కుదరదు.

వేసవి పెళ్ళిళ్ళలో అర్ధరాత్రి ముహూర్తాలు మామూలే. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను రేపుతుంది. మందు వేళ తప్పడమూ అంతే. అందువల్ల మేము సాయంత్రం వెళ్ళి, పెళ్ళికూతురిని చేసే వేళ అమ్మాయిని అందరిలో కూర్చోబెట్టి, తొమ్మిదింటికి బసకు తీసుకువచ్చి పడుకోబెడతాము. బంధువుల్లో ఎవరైనా బిడ్డ ముందే పూర్వజన్మ పాపమని మాట్లాడితే, ‘తనకు మనం మాట్లాడుకునేదంతా అర్థమవుతుందండీ’ అని ఒక్క మాట చెబుతాను. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

జూన్ మొదటి వారం

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలంటారు. ఆ రెండు వారాలు ప్రయాణాలు పెట్టుకోకుండా, ఉదయం బడికి లేచే వేళకు నిద్రను మెల్లగా సర్దుకుంటూ రావాలి. సెలవుల్లో పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఏఎఫ్‌ఓలు, కుర్చీ బెల్టులు, పాదాల పలక ఎత్తు మే చివరలోనే చూపించుకోవాలి. కొత్తవి తయారవడానికి రోజులు పడతాయి. కొత్త టీచరుకు ఒకే ఒక్క కాగితం రాసి పెట్టండి: ఎలా కూర్చోబెట్టాలి, ఏ గ్లాసుతో ఎంత చిక్కగా తాగించాలి, ఎండ వేళల్లో ఏ గంటకు తడిగుడ్డతో తుడవాలి, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, అవునూ కాదూ ఎలా చెబుతుంది. మేము ఈసారి ఆ కాగితంతో పాటు గవ్వల డబ్బాను కూడా బడి సంచిలో పెడుతున్నాము. డబ్బాను కుడి మోచేతి పక్కనే పెట్టాలని, అర నిమిషం ఆగాలని కాగితం చివర రాశాను.